సగం మాత్ర

ఫిబ్రవరి 3, సోమవారం

పాల ప్యాకెట్ కత్తెరతో కత్తిరించలేక పళ్ళతో చింపాను. సగం పాలు గట్టు మీద పోయాయి. రాజీవ్ వచ్చి చూశాడు. ఏమీ అనకుండా తుడిచాడు. మిగిలినవి గిన్నెలో పోసి స్టౌ వెలిగించి, బ్యాంకుకు టైమవుతోందని స్నానానికి వెళ్ళాడు. ఏమైనా అంటే బాగుండేది.

కీళ్ళవాతం వచ్చి నాలుగేళ్ళు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి నా కీళ్ళను కొరుకుతోందని మొదటిరోజు డాక్టరు చెప్పాడు. ప్రతి ఆదివారం వేసుకునే మాత్ర ఒకటి, మరీ లేవలేని రోజులకని స్టెరాయిడ్ స్ట్రిప్పు ఒకటి. వేసుకుంటే నొప్పి సగం ఉంటుంది. మానేస్తే మొత్తం ఉంటుంది. నాకిప్పుడు నలభై రెండు.

నారాయణగూడ బడిలో తెలుగు టీచరు ఉద్యోగం మానేసి జూన్‌కు రెండేళ్ళవుతుంది. బోర్డు మీద రాయలేని టీచరు మాకెందుకని వాళ్ళు అనలేదు. నేనే అర్థం చేసుకుని మానేశాను.

అన్నారు. ఇక్కడైనా నిజం రాయాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

మా డాక్టరుండే ఆస్పత్రివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్లో క్లాసు పెడుతున్నారు. కీళ్ళవాతం, లూపస్ లాంటి, ఒంటి శక్తే ఒంటిని కొరికే జబ్బులున్నవాళ్ళు ఏం తినాలి, ఒంటిని ఎలా చూసుకోవాలి అని. డైటీషియన్ అమ్మాయి కాగితం చూసి చదివినట్టే చెప్పింది. పప్పులు, ఆకుకూరలు, తినేవాళ్ళయితే చేపలు. ఉప్పు తగ్గించాలి. రోజూ కాస్త నడవాలి, కీళ్ళు వాచిన రోజు ఆగాలి. తిండి మందుకు తోడే గానీ మందుకు బదులు కాదని మూడుసార్లు అంది.

“ఇట్ల తింటే తగ్గుతదా మేడమ్?” అని ఎవరో అడిగారు.

“అదుపుల ఉంటది,” అంది.

అదుపులో ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. క్లాసు చివర్లో లూపస్ వాళ్ళ కోసం ఇంకేదో చెప్పారు. నాది ఆ జబ్బు కాదు.

ఫిబ్రవరి 17, సోమవారం

కొత్త క్లాసులో చేరాను. తొంభై రోజులది. పొద్దున ఆరున్నరకు. చెప్పే ఆవిడ పేరు సంయుక్త. తనకూ కీళ్ళవాతమేనట, తిండితోనే పోగొట్టుకుందట. చేతులు ఎత్తి చూపించింది. సన్నటి పొడుగాటి వేళ్ళు, ఒక్క కణుపూ వాయలేదు.

అన్నం వద్దు. గోధుమలు, పాలు, పెరుగు, చక్కెర, చింతపండు, టమాట, వంకాయ, మిరప వద్దు. కొర్రలు, సొరకాయ, బూడిదగుమ్మడి రసం, కొబ్బరి. రోజూ తిన్నదంతా ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి.

చివర్లో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి అడిగింది. “రాగిణి గారూ, ఇయ్యాల పొద్దున మీ వేళ్ళు ఎట్లున్నయ్?”

అలా ఎవరు అడిగారు నన్ను? బాగున్నాయన్నాను.

రాజీవ్ నా కంచంలోకి చూసి, “గిది తిని మనిషి ఉంటడా?” అన్నాడు.

“ఉంటడు,” అన్నాను. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

మార్చి 1, శనివారం

పన్నెండు రోజులు. వేళ్ళు కాస్త వంగుతున్నాయి. అనిపించడం కాదు, వంగుతున్నాయి.

మార్చి 8, శనివారం

ఎవరో మందుల సంగతి అడిగారు. “మందులు ఆపమని నేను ఎవ్వరికీ చెప్పను. మీ ఒంటిని అడగండి, అదే చెప్తది,” అంది సంయుక్త.

రేపు ఆదివారం. అడిగాను. వద్దంది.

మార్చి 9

వేసుకోలేదు.

మార్చి 16

వేసుకోలేదు. ఏమీ కాలేదు. నాలుగేళ్ళు ఊరికే మింగాను.

మార్చి 24, సోమవారం

సంయుక్త ఫోన్ చేసింది. “రాగిణి గారూ, మీరు చెప్తుంటే వినబుద్ధయితది. తెలుగు గ్రూపుకు రోజూ పొద్దున పదిహేను నిమిషాలు మీరే తీసుకోండి,” అంది.

బీరువాలోంచి గంజి పెట్టిన నేతచీర తీశాను. కుచ్చిళ్ళు రాజీవ్ సర్దాడు. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి కూర్చున్నాను. ఆ డబ్బాతో ఇప్పుడు ఇంకేం పని! తెర మీద అరవైమూడు మంది. కరీంనగర్, ఖమ్మం, ఏలూరు, ఒకావిడ మస్కట్ నుంచి. నాకన్నా పెద్దవాళ్ళే సగం మంది. అందరూ ఒకేసారి “గుడ్ మార్నింగ్ అక్కా” అన్నారు.

ఏం చెప్పానో గుర్తులేదు. సొరకాయ గురించే. పదిహేను నిమిషాలు అనుకున్నది నలభై అయింది. ఎవరూ వెళ్ళిపోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. గల్లీలో పందిరి కాడ పోసిన పానకం రాజీవ్ తెచ్చాడు. బెల్లం గనుక ముట్టలేదు. కుడి మణికట్టు వెచ్చగా ఉంది. ఎండలు అలా ఉన్నాయి మరి.

ఏప్రిల్ 9

ఎండలే.

ఏప్రిల్ 11, శుక్రవారం

పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. రెండు చేతులూ మూసుకుపోయి ఉన్నాయి, తెరుచుకోవు. రాజీవ్ బాత్రూమ్ దాకా నడిపించాడు. పళ్ళు తోమాడు. క్లాసుకు మెడ దాకే కనపడేలా ఫోన్ పెట్టించాను. నవ్వుతూ చెప్పాను. విషయం: ఉదయపు బిగుతును దూరం చేసే మూడు రసాలు.

“మేడమ్‌కు జెప్పు, ఇయ్యాల శాత గాదని,” అన్నాడు రాజీవ్.

చెప్తే రేపటి నుంచి ఆ పదిహేను నిమిషాలు ఇంకెవరికో ఇస్తుంది. అందులో తప్పేం లేదు, నేనైనా అలాగే ఇస్తాను.

పది గంటలకు, ఆయన బ్యాంకుకు పోయాక, స్టెరాయిడ్ స్ట్రిప్పు తీసి ఒక మాత్ర సగానికి విరిచాను. సగం వేసుకున్నాను. సగం మాత్రను మాత్ర అనరు.

సాయంత్రానికి చెంచా పట్టుకున్నాను.

ఏప్రిల్ 12

సగం.

ఏప్రిల్ 13

సగం. క్లాసు బాగా జరిగింది.

ఏప్రిల్ 15

పొద్దున సగం, మధ్యాహ్నం సగం.

ఏప్రిల్ 19, శనివారం

వీడియో తీశారు. సంయుక్త ఒక కెమెరా మనిషిని మా ఇంటికే పంపింది. అతను తెచ్చిన బోర్డు ముందు నన్ను నిలబెట్టి సుద్దముక్కతో రాయమన్నారు. ‘అమ్మ’ అని రాశాను. చెయ్యి వణకలేదు. ‘అమృతం’ అని కూడా రాశాను. ఆ అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

నేను చెప్పిన మాట: నలభై రెండు రోజులుగా ఒక్క మాత్ర వేసుకోలేదు.

ఆదివారం మాత్ర వేసుకోలేదు, అది నిజం. నేను చెప్పింది ఆ మాత్ర గురించే.

ఏప్రిల్ 28, సోమవారం

బ్యాంకులో అందరూ చూశారట. “మంచిగ మాట్లాడినవ్,” అన్నాడు రాజీవ్. “శానా మంచిగ మాట్లాడినవ్,” అని మళ్ళీ అన్నాడు. నా వైపు చూడలేదు.

చిక్కడపల్లి క్రాస్‌రోడ్స్ మెడికల్ షాపులో కొత్త స్ట్రిప్పు కొన్నాను.

మే 5, సోమవారం

వీడియో చూసి మూడు రోజులుగా ఒకమ్మాయి మెసేజ్‌లు పెడుతోంది. పేరు రోజా. ఉండేది అశోక్‌నగర్‌లోనే, హాస్టల్లో. నడిచి వెళ్ళే దూరమే కదా, రమ్మన్నాను.

సాయంత్రం సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు కలిశాం. గేటు దగ్గర, గోడ పొడుగునా, నిలిపి ఉన్న బండ్ల సీట్ల మీద, అంతటా పుస్తకాలు పట్టుకున్న పిల్లలే. ఆమే నన్ను గుర్తుపట్టింది. నేను పట్టలేకపోయాను. వాట్సాప్ ఫోటోలో ఉన్నది కోలముఖం. నా ముందు నిలబడిన అమ్మాయి ముఖం గుండ్రంగా ఉబ్బి, రెండు బుగ్గల మీదా ఎర్రగా కందిన మచ్చలు. చున్నీ నుదుటి దాకా లాక్కుంది. జుట్టు పలచబడింది.

మరిపెడ దగ్గర ఊరు. ఇరవై ఆరేళ్ళు. గ్రూప్స్ పరీక్షలకు చదవడం ఇది మూడో ఏడు. లూపస్ బయటపడి రెండేళ్ళు.

“గీ మొకం జూడక్కా,” అంది. “స్టెరాయిడ్ తోని గిట్ల పొంగింది. పోయిన ఎగ్జామ్‌ల హాల్ టికెట్ మీద ఫోటో నాది గాదని గేటు కాడ నిలవెట్టిన్రు. ఆధార్ జూపిస్తే అది గూడ నాది గాదన్నరు. అందరు లోపలికి వోతున్నరు, నేను ఆడనే ఏడ్సుకుంట నిలవడ్డ.”

“మరి దవాఖాన్ల ఏమంటున్నరు?” అని అడిగాను.

“కిడ్నీల మీదికి రావొద్దని ఇస్తున్నం, ఒక్క పూట గూడ ఆపొద్దు అంటరు. రెండేండ్ల సంది గదే మాట.” పక్కన గోడకు ఆనుకుని చదువుతున్న అమ్మాయిల వైపు చూసింది. “ఆళ్ళు పొద్దంత సదువుతరు. నేను రెండు గంటలు సదివితే పండుకుంట. నాకు మంచిగవ్వాలె అక్కా, గంతే. నీ లెక్క.”

కాసేపు చెప్పులతో నేల గీసింది. తరవాత అడిగింది.

“ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నువ్వు నిజంగనే ఏం గోలీలు ఏస్కుంటలేవా?”

బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

మే 6, మంగళవారం

లేదని చెప్పాను.

ఆపేయమని చెప్పలేదు. నీ ఒంటిని అడుగు అన్నాను. పెద్దమ్మాయి, చదువుకున్నది. తన నిర్ణయం తనది.

మే 18, ఆదివారం

రోజా ఇంటికి వచ్చింది. ముఖం వాపు తీసింది, నిజంగానే తీసింది. మా అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి చూసుకుంది.

“బుగ్గలు తగ్గినయి గద అక్కా?”

“తగ్గినయి.”

హాస్టల్లో మూడు పూటలా అన్నమే కాబట్టి, గదిలో కరెంటు కెటిల్‌లో కొర్రజావ కాచుకుంటోందట. పక్క మంచాలవాళ్ళు వాసనని గొడవ చేస్తున్నారట. వార్డెన్ భూదేవి మాత్రం, “మంచిగయితుంటే కాసుకోనియ్యుండ్రి,” అందట. మందులన్నీ ఒక కవర్‌లో వేసి పెట్టె అడుగున పెట్టేసిందట.

భోజనం అయ్యాక ఛందస్సు అడిగింది. పరీక్షకు వస్తుందో రాదో గానీ ఎప్పటి నుంచో అనుమానమట. గణాలు చెప్పాను. వేళ్ళ మీద లఘువులు, గురువులు లెక్కపెట్టుకుంటూ పద్యాన్ని విడగొట్టింది. ఒక్కసారి చెప్తే చాలు. పదిహేడేళ్ళలో ఇంత చురుకైన పిల్లలు నాకు ముగ్గురో నలుగురో దొరికారు.

వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. “ఎంత మంచిగున్నయి,” అంది.

పొద్దునే ఒక మాత్ర వేసుకున్న చేతులు.

జూన్ 1, ఆదివారం

రోజా పాదాల ఫోటో పంపింది. చెప్పు పట్టీలు లోపలికి దిగి గుంటలు పడ్డాయి. సంయుక్తకు పంపాను. “ఒంట్లోంచి విషమంతా పోతున్నది. చానా మందికి ఐతది. భయపడొద్దని చెప్పండి,” అంది.

చెప్పాను.

ఫిబ్రవరి 9 పేజీలో రాయనిది ఒకటుంది. ఆస్పత్రి క్లాసు చివర్లో డాక్టరు వచ్చి చెప్పాడు. లూపస్ ఉన్నవాళ్ళు కాళ్ళు వాచినా, మూత్రంలో నురగ కనిపించినా మర్నాటికి ఆగకుండా అదే రోజు రావాలి. నేను విన్నాను.

జూన్ 8, ఆదివారం

రోజా ఫోన్.

“అక్కా, సిగ్గయితుంది జెప్పనీకి. ఒంటికి వోతే నురగొస్తుంది. సబ్బు నీళ్ళ లెక్క.”

ఆస్పత్రికి పోదాం పద అన్న మాట నోటి దాకా వచ్చింది. పోతే డాక్టరు అడుగుతాడు, మందులు ఎందుకు ఆపావని. రాగిణక్క ఆపింది, మంచిగైంది, నేనూ ఆపిన అంటుంది. ఏ రాగిణి అంటాడు. అదే డాక్టరు కాకపోవచ్చు, అదే ఆస్పత్రి కాదు కూడా. అయినా.

“నీళ్ళు ఎక్కువ తాగు. రెండు రోజులు చూద్దాం,” అన్నాను.

“సరే అక్కా,” అంది. ఎంత తేలిగ్గా అంది.

జూన్ 10

తను చేయలేదు. నేనూ చేయలేదు.

జూన్ 11

బాగానే ఉండి ఉంటుంది. లేకపోతే చేసేది.

జూన్ 13, శుక్రవారం

పొద్దున కొత్త బ్యాచ్ క్లాసు మధ్యలో భూదేవి ఫోన్. “అమ్మా, రోజా బాత్రూమ్‌ల పడ్డది. ఫిట్స్ అచ్చినయి. దాని ఫోన్ల మీ నంబరే పైనుంది.”

అరవై మంది ముందు లేచి వెళ్ళిపోయాను.

ఆటోలో తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముఖం మళ్ళీ ఉబ్బింది, ఈసారి కళ్ళు కూడా తెరుచుకోవడం లేదు. భూదేవి కాళ్ళు పట్టుకుని కూర్చుంది. నారాయణగూడ దగ్గర ట్రాఫిక్. ఆటోడ్రైవర్ దిగి, ముందున్న బండ్లవాళ్ళను బతిమాలి దారి చేయించాడు.

ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరమ్మ. బీపీ చూసి ఇంకొకరిని కేకేసింది. నా వైపు తిరిగింది.

“మందులు ఎప్పుడు ఆపింది?”

“మే ఆరు.”

తేదీ అంత కచ్చితంగా చెప్పినందుకు తలెత్తి చూసింది. “ఎవరు ఆపమన్నరు?”

“తెల్వదు,” అన్నాను.

జూన్ 16, సోమవారం

రోజా అమ్మానాన్నా వచ్చారు. రామక్క, మొగిలయ్య. ఆయన వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఎవరు పిలిచినా లేచి నిలబడుతున్నాడు. రామక్క నా రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వేనా రాగిణక్కవు? నా బిడ్డ ఫోన్ల దినాం నీ ముచ్చటనే జెప్పేది. పట్నంల నాకొక అక్క దొరికిందే అమ్మా అనేది. నువ్వు లేకుంటే మా పిల్ల ఆడనే పాణమిడిసేది.”

గట్టిగా పట్టుకుంది. వేళ్ళు విరిగేంత నొప్పి. విడిపించుకోలేదు.

జూన్ 21, శనివారం

డయాలసిస్ మొదలుపెట్టి ఏడు రోజులు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి కూడా వచ్చిందట. ఇవాళ కొంచెం తెలివిగా ఉంది. రామక్క టీ తాగడానికి పోయినప్పుడు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. మాస్క్ పక్కకు జరిపింది. ఒక్కొక్క మాటకూ ఆగుతోంది.

“అక్కా, నేను ఒకటి జేసిన. నీకు జెప్పలే.”

“ఏంది?”

“పెరుగు తిన్న. హాస్టల్ల. ఒక్కనాడే. ఆకలైంది.” ఊపిరి తీసుకుంది. “గందుకేనా ఇట్లయింది?”

చెప్పడానికి అంతకన్నా సమయం ఏముంటుంది? మంచం పక్కన ఎవరూ లేరు. తను నన్నే చూస్తోంది. అడిగిందే అడుగుతోంది, గందుకేనా, గందుకేనా అని.

“కాదు రోజా. పెరుగుతోని ఏం గాదు,” అన్నాను.

“మరి?”

నర్సు వచ్చి మాస్క్ సరిచేసి, మాట్లాడించొద్దంది. నర్సు వచ్చిందని ఊరుకున్నాను. రాకపోతే చెప్పేదాన్నా?

జూన్ 24, మంగళవారం

రోజా పోయింది. పొద్దున పదకొండింటికి.

జూన్ 29, ఆదివారం

రాజీవ్‌కు చెప్పాను. సగం మాత్ర నుంచి అన్నీ.

“నాకు ఎర్కనే,” అన్నాడు. “చెత్తబుట్టల స్ట్రిప్పు ఏప్రిల్‌లనే జూసిన.”

“మరి ఎందుకు అడగలే?”

“నువ్వు నవ్వుతున్నవ్ గద అని ఊకున్న. శానా దినాలకు నవ్వుతున్నవ్. ఏస్కుంటే ఏస్కోనీ, ఎవ్వరికేం నష్టం అనుకున్న.”

ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చున్నాం. కుక్కర్ మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

జూలై 3, గురువారం

గ్రూపులో రాశాను. నేను ఏప్రిల్ 11 నుంచి స్టెరాయిడ్ వేసుకుంటున్నాను. వీడియోలో చెప్పింది అబద్ధం. నా మాట నమ్మి మందులు ఆపిన ఒక అమ్మాయి చనిపోయింది. దయచేసి ఎవరూ ఆపకండి.

నాలుగు నిమిషాలకు మెసేజ్ లేదు. ఆ తరవాత గ్రూపులో నేనూ లేను.

సంయుక్త ఫోన్ చేసింది. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “రాగిణి గారూ, ఒక్కటి చెప్పండి. మందులు మానమని నేను ఎప్పుడన్నా అన్ననా?”

“అనలేదు.”

“మరి ఆ అమ్మాయికి ఎవరు చెప్పిన్రు?”

“నేను.”

“చూసిన్రా మరి. మీరు బాధల ఉన్నరు, అర్థమైతది. రెస్ట్ తీసుకోండి.”

వీడియో తీసేయమన్నాను. దానివల్ల ఎంతోమందికి ధైర్యం వస్తోందంది.

జూలై 7, సోమవారం

నంబర్లు రాసుకున్నవి నలభై ఒకటి ఉన్నాయి. నాలుగు రోజులుగా ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. సగం మంది ఎత్తడం లేదు. ముగ్గురు భయపడి మళ్ళీ డాక్టరు దగ్గరికి పోతామన్నారు. ఏలూరు బుల్లెమ్మ గారు అంతా విన్నారు.

“డాక్టర్లెవరైనా మీ చేత ఇలా చెప్పిస్తున్నారాండీ?” అన్నారు చివరికి.

“లేదండి. నేనే చెప్తున్న.”

“మీకేదో కష్టం వచ్చింది పాపం. వీడియోలో ఎంత కళగా ఉన్నారండీ! నేను రోజూ అదే పెట్టుకుని చూస్తున్నాను. మీరు అధైర్యపడకండి, మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టండి.”

ఆవిడ మాత్రలు ఆపి మూడు నెలలు.

జూలై 12, శనివారం

రామక్క వచ్చింది. హాస్టల్ గది ఖాళీ చేయడానికి ఒక్కతే వచ్చిందట, మొగిలయ్యకు చేతకాక ఊళ్ళోనే ఉన్నాడట. రేకు పెట్టె, రెండు సంచుల పుస్తకాలు మెట్ల మీదుగా తనే మోసుకొచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేల మీద కూర్చుంది.

“పుస్తకాలు ఇసిరెయ్య మనసొప్పలే. నువ్వు సార్లెక్క సదువు జెప్తవట గద. ఎవలన్న పిల్లలకియ్యి,” అంది.

నీళ్ళిచ్చాను. గ్లాసు పక్కన పెట్టుకుని పెట్టె తెరిచింది. బట్టలు తీసి చూపించింది. అడుగున మందుల కవర్ ఉంది. స్ట్రిప్పులన్నీ నిండుగా ఉన్నాయి.

“గివి గూడ ఉన్నయి. ఎందుకు ఏస్కోలేదో మాకు తెల్వలే. డాక్టరమ్మ ఎవలో ఆపమన్నరు అన్నది. ఎవలో నీకేమన్న జెప్పిందా?”

ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. చెప్పాను. మధ్యలో ఏడవకూడదని ముందే అనుకున్నాను, ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చేది, అలాంటి మనిషి.

రామక్కకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“అంటే నువ్వు గోలీలు ఏస్కుంటనే ఉన్నవ్.”

“ఉన్న.”

“నా బిడ్డకు ఏస్కుంటలేనని జెప్పినవ్.”

“చెప్పిన.”

“ఎందుకమ్మా?”

“పొద్దున క్లాసు చెప్పేదాన్ని. నిజం చెప్తే అది పోతదని.”

“ఏం క్లాసు?”

“ఫోన్ల. ఏం తినాలె, ఏం తినొద్దు అని.”

రామక్క నన్నే చూస్తూ ఉంది. ఇంకా ఏదో ఉంటుంది, చెప్తాను అనుకుంది. ఇంకేం లేదు. అంతే.

బట్టలు ఒక్కొక్కటిగా మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టింది. పుస్తకాల సంచులు కూడా దగ్గరికి లాక్కుంది. పెట్టె ఎత్తబోతుంటే రెండో వైపు పట్టుకోవడానికి వంగాను.

“ఇడిసిపెట్టు,” అంది. “నీ చేతులు నొస్తయి.”

తలకెత్తుకుని మెట్లు దిగింది. సంచుల కోసం మళ్ళీ పైకి వచ్చింది, ఒకసారి, ఇంకోసారి. రెండుసార్లూ నా వైపు చూడలేదు. నీళ్ళు తాగలేదు.

జూలై 13, ఆదివారం

నిన్న సాయంత్రం రాజీవ్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆదివారం మాత్ర మళ్ళీ రాశాడు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదట, మెల్లగా తగ్గించాలట. వేసుకున్నాను.

ఆగస్టు 10, ఆదివారం

ఆస్పత్రి క్లాసులో నా సంగతి చెప్పమని డాక్టరు అడిగాడు. “నేను చెప్పేకన్నా మీరు చెప్తే వింటరు,” అన్నాడు. ఒప్పుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ ముందు కూర్చున్నాను. నా పేరు పిలిచారు. తెర మీద ముఖాలన్నీ నా వైపు తిరిగాయి, నేనేం చెప్తానా అని నమ్మకంగా ఎదురుచూస్తున్నాయి.

ఫోన్ ఆపేశాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

పన్నెండో మాత్ర. మొన్న రక్తపరీక్షలో వాపు బాగా తగ్గిందని వచ్చింది. స్టెరాయిడ్ పూర్తిగా ఆగిపోయింది. పొద్దున నేనే జడ వేసుకున్నాను. రాజీవ్ తలుపు దగ్గర నిలబడి చూసి లోపలికి పోయాడు.

వీడియో ఇంకా ఉంది. నిన్న ఇద్దరు కొత్తవాళ్ళు ఫోన్ చేశారు. ఒకావిడ విన్నది. ఇంకొకావిడ నేను రాగిణిని కాదంది.

ఈ పేజీ ఆగకుండా రాశాను. అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు. నొప్పి తగ్గింది. ఎవరికీ చెప్పలేదు.